ఆగిన ట్రాలీకి అడ్డం రాయి పెట్టేదెవరు?

కార్తీకం వస్తోందంటే మా కొడంగల్ వైపు ఊళ్ళలో ట్రాక్టర్ ట్రాలీలు కడిగే పని మొదలవుతుంది. కొందరు కురుమూర్తి జాతరకు, కొందరు అనంతగిరి పద్మనాభస్వామి దగ్గరికి. మేడారం ఏడు అయితే మాఘంలో మళ్ళీ ఇదే సందడి. ట్రాలీ అడుగున వరిగడ్డి, గడ్డి మీద టార్పాలిన్, దాని మీద బొంతలు. ఒక మూల బియ్యం సంచి, ఇంకో మూల నీళ్ళ డ్రమ్ము, వంట గిన్నెలు, కట్టెలు, తోవలో తినడానికి జొన్నరొట్టెల మూట. మధ్యలో ముసలమ్మలు, బాలింతలు, పిల్లలు. జాతర దగ్గర దిగాక రెండు మూడు రోజులు ఆ ట్రాలీయే మన ఇల్లు. దాని నీడలో వంట, దాని పక్కన చీర అడ్డం కట్టుకుని స్నానం, దాని కింద పడక, దాని ఇనుప కమ్మీకే చంటిబిడ్డ తొట్టెల.

ఇల్లు అన్నాక పునాది చూస్తాం కదా. మరి ఈ ఇంటికి పునాది చూస్తున్నది ఎవరు? డ్రైవర్ ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ ఆపుతాడు. చేతికి దొరికిన రాయి ఒకటి టైరు కింద పడేస్తాడు, అదీ గుర్తుంటే. ఆ తర్వాత మగవాళ్ళు దర్శనం క్యూ ఎంత ఉందో చూసి వస్తామని పోతారు. ఆ ట్రాలీ చుట్టూ, దాని కింద రోజంతా ఉండేది మనమూ మన పిల్లలూ.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ట్రాలీని సమమైన చోట నిలబెట్టి, చక్రాలకు అడ్డం పెట్టి, ముందు భాగానికి గట్టి ఊతం ఇచ్చేదాకా మనం దాని పక్కన పొయ్యి రాళ్ళు పెట్టకూడదు. అవన్నీ చేశాక కూడా దాని కింద పడక వేయకూడదు, తొట్టెల కట్టకూడదు. ట్రాలీ నిలపడం మగవాళ్ళ పని, దాని కింద బతకడం ఆడవాళ్ళ పని అనే పంపకం తప్పు. ఎవరి ప్రాణం దాని కింద ఉంటుందో, ఆపే తీరు మీద మొదటి మాట వాళ్ళదే కావాలి.

కదిలే ట్రాలీ ఎంత ప్రమాదమో మనకు తెలియనిది కాదు. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పీఏపల్లి మండలంలో కూలికి పోతున్న ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాలువలో పడి 9 మంది ఆడకూలీలు చనిపోయారు. అదే ఏడు జూన్ 24న యాదాద్రి జిల్లా వలిగొండ మండలంలో ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది పోయారు. అక్కడా ఎక్కువమంది ఆడవాళ్ళే. 2020 జూన్ 17న వేదాద్రి గుడికి పోయి తిరిగి వస్తున్న ఖమ్మం జిల్లా వాళ్ళ ట్రాక్టర్‌ను లారీ గుద్దితే 12 మంది ప్రాణాలు పోయాయి. అదీ మన జాతర ప్రయాణం లాంటిదే. ఇవన్నీ పేపర్లలో మొదటి పేజీ వార్తలు. మంత్రులు వచ్చారు, పరిహారం ప్రకటించారు.

ఆగిన ట్రాలీ వార్త కాదు. ట్రాలీ వెనక్కి దొర్లితే ఒకామె కాలు నలుగుతుంది. ముందు భాగం ఠక్కున కిందపడితే ఒక పిల్ల వేళ్ళు పోతాయి. పక్కకు వాలితే మరిగే గంజి ఒంటి మీద ఒలుకుతుంది. "జాతరలో దెబ్బ తగిలింది" అని ఊళ్ళో నాలుగు రోజులు అనుకుంటారు, అంతే. కదిలే బండికి లైసెన్సు ఉంది, చలానా ఉంది, పోలీసు ఉన్నాడు. ఆగిన బండిని అడిగేవాళ్ళు లేరు. అందుకే మనం అడగాలంటున్నాను.

అడగాలంటే ముందు అది ఎలా కదులుతుందో తెలియాలి. ఇదేం ఇంజనీరింగ్ చదువు కాదు, వంటింట్లో రోజూ చూసే సంగతే.

ట్రాలీలు రెండు రకాలు. నాలుగు చక్రాలది ఒకటి, రెండు చక్రాలది ఒకటి. ట్రాక్టర్ నుంచి విప్పితే నాలుగు చక్రాలది తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది, కాని వాలు దొరికితే దొర్లుతుంది. చాలా ట్రాలీలకు సొంత బ్రేకు ఉండదు, ఉన్నా పనిచేయదు. ట్రాక్టర్ బ్రేకే దానికి బ్రేకు. పిన్ను తీసిన నిమిషం నుంచి దాన్ని ఆపేది ఆ నేల, మీరు పెట్టిన రాయి, అంతే. 20 అడుగుల పొడవుకు ఒక అడుగు వాలు ఉందనుకోండి. కంటికి అది వాలులా కూడా కనిపించదు. సామానుతో కలిపి 3 టన్నులున్న ట్రాలీని ఆ వాలు సుమారు 150 కిలోల బలంతో కిందికి లాగుతూ ఉంటుంది. మెత్తటి దుక్కిలో నేల కొంత పట్టి ఉంచుతుంది. మన తాండూరు వైపు బండ తేలిన నేల మీద, సీసీ రోడ్డు మీద ఆ పట్టు ఉండదు.

రెండు చక్రాల ట్రాలీ కథ వేరు. అది పిల్లలాడే ఊగుడు బల్ల లాంటిది. మధ్యలో ఇరుసు, ముందు కొంత బరువు, వెనక కొంత బరువు. ట్రాక్టర్‌కు తగిలించి ఉన్నంతసేపు ముందు బరువును హుక్కు మోస్తుంది. విప్పితే ముందు స్టాండు మోయాలి. స్టాండు లేకపోతే ఇటుకలో, రాయో, కట్టెమొద్దో పెడతారు. అప్పుడు ముందున్న బియ్యం సంచులు దించేసి, వెనక అంచున నలుగురు కూర్చుంటే ముందు భాగం లేస్తుంది. ఊతం పక్కకు పడిపోతుంది. వెనక కూర్చున్నవాళ్ళు భయపడి దూకితే ముందు భాగం దబ్బున నేల మీద పడుతుంది. ఒక జాతరలో ఇదంతా నా కళ్ళ ముందే జరిగింది. నీళ్ళు తేవడానికి ట్రాక్టర్ విప్పుకుని పోయారు. ముందు భాగం కింద మూడు ఇటుకలు. వెనక ఇద్దరు ఎక్కి బొంతలు తీస్తుంటే ముందు భాగం గాలిలోకి లేచింది, ఇటుకలు చెదిరాయి. వాళ్ళు దిగగానే ఇనుప దూలం పడింది. ఆ ఇటుకల దగ్గర ఆడుకుంటున్న పిల్ల అప్పుడే ఎవరో పిలిస్తే లేచి పోయింది కాబట్టి బతికింది. అందరూ "దేవుడు కాపాడిండు" అన్నారు. నేనూ దండం పెట్టుకున్నాను. కాని ఆ ఇటుకలు దేవుడు పెట్టినవి కావు.

మూడోది పక్కకు వాలడం. మన రేగడి నేల ఎండకు రాయిలా ఉంటుంది, వాన పడితే వెన్నలా అవుతుంది. రాత్రి సమంగా ఉన్న ట్రాలీ తెల్లారేసరికి ఒక చక్రం దిగబడి ఉంటుంది. రెండు చక్రాల మధ్య ఐదడుగుల దూరం ఉండి, ఒకటి అర అడుగు దిగబడితే, పైన ఐదడుగుల ఎత్తులో ఉన్న బరువు కూడా అర అడుగు పక్కకు జరిగినట్టే. మూటలు ఎత్తుగా పేర్చి, వాటి మీద పిల్లలు ఎక్కి ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

"మా తాతల కాలం నుంచి బండి కిందే పండుకుంటున్నం, ఏమైంది?" అని అడిగేవాళ్ళకు నా జవాబు ఇది. తాతలు పడుకున్నది ఎద్దుల బండి కింద. ఎద్దులను విప్పి నొగను నేలకు ఆనిస్తే అదే బండికి మూడో కాలు. రెండు చక్రాలు, ఒక నొగ, మూడు రాళ్ళ పొయ్యి లాగా నిలబడేది. నొగ మట్టిలో గుచ్చుకుని ఉంటే దొర్లడం అంత సులువు కాదు. ఒకవేళ కదిలినా అది కట్టె బండి, నలుగురు పట్టి లేపితే లేచేది. ఇప్పుడున్నది ఇనుప ట్రాలీ. ఖాళీదే టన్నుకు పైగా ఉంటుంది. రబ్బరు టైర్ల మీద, బేరింగుల మీద నున్నగా దొర్లుతుంది. కింద ఎవరైనా చిక్కుకుంటే నలుగురు కాదు, పదిమంది పట్టినా లేవదు, జాకీ కావాలి. బండి మారింది, బరువు మారింది, దాని కింద పడుకునే అలవాటు మాత్రం మారలేదు. తాతల ఆచారం నిలబెట్టాలంటే తాతల జాగ్రత్త కూడా నిలబెట్టాలి. బండి విప్పాక ఊతం కదిలించి చూడకుండా ఏ ముసలాయనా చుట్ట ముట్టించేవాడు కాదు.

ఇది జాతర రోజుల ముచ్చట మాత్రమే కూడా కాదు. మా వైపు కంది చేలల్లో, పత్తి చేలల్లో ట్రాలీ ఆగితే చంటిపిల్లల తల్లులు మొదట వెతికేది నీడ. చెట్టు దూరంగా ఉంటుంది, ట్రాలీ దగ్గరగా ఉంటుంది. చీర కొంగు ఇటు కమ్మీకి, అటు కమ్మీకి కట్టి తొట్టెల వేసి, బిడ్డను పడుకోబెట్టి చాల్లోకి పోతారు. సాయంత్రం దాకా బస్తాలు ఎక్కుతూనే ఉంటాయి. బరువు పెరుగుతుంటే ట్రాలీ కుంగుతుంది, ఒక్కో బస్తా పడ్డప్పుడల్లా కదులుతుంది. ఎవరో వచ్చి, కింద బిడ్డ ఉన్న సంగతి తెలియక ట్రాక్టర్ స్టార్ట్ చేస్తే? ఆ తల్లిని తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు. నాలుగు కర్రలు పాతి, పైన గోనెపట్ట కట్టి నీడ చేయించలేని రైతును అడగాలి. కూలి ఇచ్చే చేను బిడ్డకు నీడ కూడా ఇవ్వాలి.

ఇక అమెరికా సంగతి చూడండి. మా ఆడపడుచు కూతురు కుటుంబం డాలస్ దగ్గర ఉంటుంది. సెలవులొస్తే వాళ్ళు ట్రావెల్ ట్రైలర్ అనే చక్రాల ఇంటిని కారు వెనక తగిలించుకుని అడవికి పోతారు. అందులో మంచాలు, పొయ్యి, ఫ్రిజ్ అన్నీ ఉంటాయి. చూడటానికి మహా దర్జాగా ఉంటుంది గాని, దాన్ని నిలిపే లెక్క మన ట్రాలీ లెక్కే. వాళ్ళు చేసే పని వరస చెప్పమని నేను ఫోన్లో పట్టుబట్టి అడిగాను. బండికి తగిలించి ఉండగానే ముందు అడ్డంగా, అంటే ఎడమ కుడి పక్కలు, సమం చూస్తారు. తగ్గుగా ఉన్న వైపు చక్రం కింద పలక పెట్టి దాని మీదికి ఎక్కిస్తారు. తర్వాత చక్రాలకు ముందూ వెనకా అడ్డాలు పెడతారు. అప్పుడు గాని బండి నుంచి విప్పరు. విప్పాక ముందున్న జాకీతో ముందు వెనకలు సమం చేస్తారు. చివరికి నాలుగు మూలల కాళ్ళు దించుతారు. ఆ కాళ్ళు ఊగకుండా ఆపడానికే గాని, ట్రైలర్‌ను ఎత్తడానికి కాదట. వాటితో ఎత్తబోతే వంగిపోతాయట.

ఈ వరస ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంటారు. ఆ అమ్మాయి పైకి చదువుతుంది, అల్లుడు ఒక్కొక్కటే చేస్తాడు. అన్నీ అయ్యాయని ఆమె అన్నాకే పిల్లలు లోపలికి ఎక్కుతారు. అక్కడ ఆ అబ్బాయికి నామోషీ లేదు. మరి ఇక్కడ "అన్నా, టైరుకు రాయి పెట్టినవా?" అని అడిగితే "నీకెందుకమ్మా అవన్నీ, నువ్వు పొయ్యి సంగతి చూడు" అనే మాట ఎందుకొస్తుంది? అమెరికా వాళ్ళ దగ్గర ఉన్నది గొప్ప యంత్రమని కాదు, అడిగే హక్కు ఇంటి ఆడమనిషికి ఉంది. అది దిగుమతి చేసుకోవడానికి వీసా అక్కర్లేదు.

మన ట్రాలీకి ఆ వరసను మన భాషలో చెప్పుకుందాం. ఇది మగవాళ్ళకు వినిపించేలా పైకి చదవండి.

మొదట చోటు. గట్టి నేల, సమమైన నేల కావాలి. వాగు ఒడ్డు, చెరువు కట్ట వాలు, కొత్తగా మట్టి పోసిన చోటు వద్దు. నీడ ఉందని వాలులో ఆపితే ఒప్పుకోవద్దు, నీడకు టార్పాలిన్ ఉంది.

రెండోది సమం. ట్రాక్టర్ విప్పకముందే చూడాలి. మేస్త్రీ రసమట్టం ఉంటే సరే, లేకపోతే పళ్ళెంలో వేలు మందాన నీళ్ళు పోసి ట్రాలీ అడుగు మీద పెట్టండి. నీళ్ళు ఎటు చేరితే అటు తగ్గు. తగ్గు చక్రం కింద మందపాటి పలక వేసి ట్రాక్టర్‌తోనే ఎక్కించవచ్చు. అంతకంటే సులువు, ఎత్తుగా ఉన్న చక్రం కింద పారతో మట్టి తీసి ఆ గుంటలోకి దించడం. అప్పుడు సమమూ అవుతుంది, చక్రం గుంటలో కూర్చుని దొర్లకుండానూ ఉంటుంది.

మూడోది అడ్డం. రెండు వైపుల చక్రాలకూ, ముందూ వెనకా. గుండ్రాయి పనికిరాదు, అది టైరుతో పాటే దొర్లుతుంది. తాండూరు నాపరాయి ముక్క కూడా దీనికి పనికిరాదు, నున్నగా ఉండి జారుతుంది. వాలుగా కోసిన కట్టెమొద్దు అన్నిటికంటే మంచిది. జానెడు ఎత్తయినా ఉండాలి, టైరుకు సందు లేకుండా బిగిసి ఉండాలి. వడ్రంగిని అడిగితే పాత తుమ్మ మొద్దుతో నాలుగు చెక్కిస్తాడు.

నాలుగోది ముందు ఊతం. ఇటుకల దొంతర వద్దంటే వద్దు. వెల్డింగ్ షాపులో ఇనుప స్టాండు చేయించాలి. స్టాండు అడుగు సన్నగా ఉంటే రేగడిలో దిగబడుతుంది కాబట్టి దాని కింద వెడల్పాటి మందపు చెక్క వేయాలి. నాపరాయి వేస్తే మందంగా ఉండాలి, పలచటి పలక బరువుకు పగులుతుంది. రెండు చక్రాల ట్రాలీ అయితే వెనక కూడా ఒక ఊతం ఉండాలి, అప్పుడు ఊగుడు బల్ల ఊగడం మానేస్తుంది.

ఐదోది విప్పడం. ట్రాలీలో ఒక్క మనిషి కూడా లేనప్పుడే పిన్ను తీయాలి. ట్రాక్టర్‌తో పని లేకపోతే అసలు విప్పనే వద్దు. గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళంచెవి తీసి పెద్దవాళ్ళ దగ్గర ఉంచాలి. టిప్పింగ్ ట్రాలీ అయితే ఆ లివర్ దగ్గరికి పిల్లలను పోనివ్వొద్దు, పైకి లేపిన ట్రాలీ కిందికి ఎవరూ పోవద్దు.

ఆరోది తిరిగి తగిలించడం. ట్రాక్టర్ వెనక్కి వస్తుంటే పిన్ను పట్టుకుని మధ్యలో నిలబడే పిల్లగాడు ఒకడు ప్రతి ఊళ్ళో ఉంటాడు. వాడి తల్లి ఎవరో గాని ఆమె తరఫున చెబుతున్నాను, ట్రాక్టర్ పూర్తిగా ఆగాకే వాడు మధ్యలోకి పోవాలి. పిన్ను పడ్డాకే చక్రాల అడ్డాలు తీయాలి. ముందే తీస్తే అంతా వృథా.

ఇంకొకటి, తెల్లవారగానే మళ్ళీ అంతా ఒకసారి చూడాలి. పాలు పొయ్యి మీద పెట్టి వదిలేసి పోతామా? ఇదీ అంతే.

"డ్రైవర్‌కు తెలియదా?" అంటారు. తెలుసు. కాని రాత్రంతా బండి తోలి వచ్చిన మనిషికి తెలిసినదంతా చేసే ఓపిక ఉండదు. గుర్తు చేయడం అవమానం కాదు, సాయం. "ఇన్నేళ్ళు ఏం కాలేదు" అంటారు. గ్యాస్ పైపు పగిలేదాకా కూడా ఏం కాదు. అందుకని మనం పైపు మార్చకుండా ఉంటున్నామా? "దేవుడి దగ్గరికి వచ్చి అపశకునం మాటలెందుకు" అంటుంది అత్తమ్మ. అత్తమ్మా, పొయ్యి వెలిగించే ముందు కుండ కదలకుండా ఉందో లేదో చూడటం నాకు నేర్పింది నువ్వే. ఒక రాయి ఎత్తు తక్కువైతే అన్నం ఒకపక్క మాడుతుందని చెప్పింది నువ్వే. మూడు రాళ్ళను అంత శ్రద్ధగా సరిచేసే చేతులకు నాలుగు మొద్దులు సరిచూడటం చేతకాదా?

"ట్రాలీలో మనుషులు పోవడమే తప్పు కదా, బస్సులో పోరాదూ?" అని పట్నం చెల్లెళ్ళు అడుగుతారు. ఆ మాట నిజం. ట్రాలీ సామానుకు చేసింది, మనుషులకు కాదు. ప్రమాదం జరిగితే బీమా డబ్బుకు కూడా చిక్కే. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మనకు టికెట్ లేదు. కాబట్టి మధ్యేమార్గం ఒకటి ఉంది. బియ్యం, గిన్నెలు, కట్టెలు, మేక ట్రాలీలో పోనివ్వండి, ఆడవాళ్ళూ పిల్లలూ బస్సులో పోదాం. బస్సు దొరికే ప్రతి జాతరకూ ఇది చేయవచ్చు. కాని అక్కడికి పోయాక ఉండేది ఆ ట్రాలీ దగ్గరే కాబట్టి, బస్సులో పోయినంత మాత్రాన మొద్దుల అవసరం తీరిపోదు.

జాతర చేసేవాళ్ళను కూడా అడగాల్సింది ఉంది. కార్లకు ముగ్గు వేసి చోటు గీస్తారు, వీఐపీలకు వేరే దారి. ట్రాలీలను మాత్రం "అటు పొండి" అని ఎగుడుదిగుడు బీడులోకి, వాగు అంచుకు తోలుతారు. రెండు మూడు రోజులు అక్కడే వండుకుని తినేది, పడుకునేది ట్రాలీల్లో వచ్చినవాళ్ళే. కారులో వచ్చినవాళ్ళు సాయంత్రానికి ఇల్లు చేరతారు. ఉండేవాళ్ళకు సమమైన నేల ఇవ్వాలా, పోయేవాళ్ళకా? జాతరకు ముందు ఒక జేసీబీతో ఒక్కపూట నేల చదును చేయించడం, వచ్చిన ప్రతి ట్రాలీకి కట్టె అడ్డాలు ఇచ్చి పోయేటప్పుడు వాపసు తీసుకోవడం పెద్ద ఖర్చు కాదు. గ్రామసభలో, మహిళా సంఘం మీటింగులో ఈ మాట లేవనెత్తుదాం. సంఘం తరఫునే పది జతల మొద్దులు చేయించి పెడితే, పెళ్ళి గిన్నెలు కిరాయికి ఇచ్చినట్టు ఇవ్వవచ్చు.

ట్రాలీ కిరాయి మాట్లాడేటప్పుడు మా ఇంట్లో ఇప్పుడు రెండు ప్రశ్నలు అడుగుతున్నాం. స్టాండు ఉందా? నాలుగు మొద్దులు ఉన్నాయా? లేవంటే ఇంకో ట్రాలీ చూస్తాం. మొదట్లో ఓనర్లు నవ్వారు. పండుగ సీజన్‌లో కిరాయి పోతుందంటే ఎవరూ ఎక్కువసేపు నవ్వరు. ఒకాయన మొన్న తానే ఫోన్ చేసి, "మొద్దులు చేయించిన అక్కా, ఎప్పుడు పోదాం?" అని అడిగాడు.

మీరూ అడగండి. మొద్దు పడేదాకా గిన్నెల మూట విప్పకండి. మగవాళ్ళకు ఆకలి అయినప్పుడు మాట త్వరగా వినిపిస్తుంది. ఎవరైనా కోప్పడితే కోప్పడనివ్వండి, కోపం పూటలో పోతుంది. బిడ్డ తొట్టెల మాత్రం చెట్టుకు కట్టండి. చెట్టు లేకపోతే నాలుగు కర్రలు పాతించండి. ట్రాలీకి కట్టకండి.